శిరివెళ్ల అవతల

పోయిన నెల నంద్యాలలో నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. మూడో రోజు పొద్దున నర్సమ్మాయి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. అందులో మూడు గదులు, ఒక్కో గదిలో ఒక్కో రంగు బంతి. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలట. నేను పీల్చాను. ఒక బంతి కదిలింది, లేచింది, టక్కున కింద పడింది.

"ఇంగా గట్టిగా పీల్చమ్మా. మూడూ లేవాల," అంది ఆ అమ్మాయి.

"ఒకటి లేసింది గదా, ఈ పొద్దుటికి చాలు. రేపు రెండోదాన్ని చూస్తాం," అన్నాను.

అన్నాక ఉలిక్కిపడ్డాను. అది నా మాట కాదు. నలభై ఏళ్ళ కిందట నాతో ఒకే ఇంట్లో ఉన్న మనిషి మాట అది. ఆమె పోయి చాలా కాలమైంది. ఆ రోజంతా మంచం మీద పడుకుని ఆమెనే తలుచుకున్నాను.

పిల్లలు ఆమెను సైకిల్ టీచరమ్మ అనేవాళ్ళు. నేను అక్కా అనేదాన్ని. అసలు పేరుతో ఆమెను ఎవరైనా పిలవగా నేను వినలేదు, కాబట్టి ఇక్కడా రాయను.

డెబ్బై అయిదులో నేను నంద్యాలలో ఒక మిషన్ బడిలో టీచరుగా చేరాను. మాది గోస్పాడు దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. రోజూ బస్సులో వచ్చిపోవడం కుదరక గది కోసం వెతుకుతుంటే, మా బడిలోనే పనిచేసే ఈమె ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందని తెలిసింది. వెళ్ళి అడిగాను. నన్ను ఎగాదిగా చూసింది.

"నిద్ర గట్టిదేనా?"

"గట్టిదే."

"అయితే రా. నేను ఈలలేస్తా."

ఆ ఈలలేమిటో చలికాలం మొదలయ్యాక అర్థమైంది. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. పడుకుంటే ఎదలో పిల్లనగ్రోవి మోగినట్టుండేది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, బరువైన ఒళ్ళు, పెద్ద పెద్ద కళ్ళు. బోర్డు మీద మూడు వాక్యాలు రాసి కుర్చీలో కూర్చునేది. రైసుమిల్లుల తవుడు దుమ్ము గాలికి మా వీధి వైపు తిరిగిన రోజు బడికి రాలేకపోయేది. మాట్లాడితే ఊపిరి ఉన్నంతే మాట. వాక్యం సగంలో గాలి అయిపోతే చెయ్యెత్తి అరచెయ్యి చూపేది, ఆగమని. తరగతిలో నలభై మంది పిల్లలు ఆ అరచెయ్యి దిగేదాకా కిక్కురుమనేవాళ్ళు కారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఆయాసాన్ని చేసుకుంటి గదా. ఇంగొకర్ని ఎట్ల చేసుకునేది?" అనేది.

మరుసటేడు ఊరికి ఒక కుర్ర డాక్టరు కొత్తగా వచ్చాడు. మందులు రాసిచ్చి, "కూర్చుంటే మీ ఊపిరితిత్తులు కూడా కూర్చుంటాయమ్మా. రోజూ నిన్నటికంటే కొంచెం ఎక్కువ కదలండి," అన్నాడట. ఇంటికొచ్చి గడపలో కూలబడి నవ్వింది.

"ఇన్నేండ్లూ అందరూ కదలొద్దనిరి. కదలకుంటి. ఈయప్పేమో కదలమంటాండాడు."

నడక మొదలుపెట్టింది. వారానికే మోకాళ్ళు వాచాయి. కాళ్ళ మీద బరువు పడకుండా కదలడమెట్లా అని ఆలోచించి, ఒక సాయంత్రం సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోతున్న రైల్వే గార్డు ఇంట్లో అమ్మేసిన లేడీస్ సైకిల్. ఆకుపచ్చ రంగు. చీర చక్రంలో పడకుండా వెనక వల కట్టి ఉంది.

"ఎవరికక్కా?" అన్నాను.

"నాకే."

"నీకొచ్చా?"

"వస్తాది."

మా అన్న సైకిల్ మీద నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. అందుకని సీటు పట్టుకునే పని నాకు పడింది. బడి వదిలాక మైదానంలో మొదలుపెట్టేవాళ్ళం. ఆమె పడితే నన్నూ తీసుకుని పడేది. తుమ్మకంప కంచెలో రెండుసార్లు పడ్డాం. మైదానం ఎదురుగా సైకిల్ షాపు పెట్టుకున్న సాయిబన్న అక్కడి నుంచే అరిచేవాడు: "చక్రాన్ని చూడొద్దమ్మా! పోయే తావు చూడు! చక్రాన్ని చూస్తే అదే పడేస్తాది!" నెల తిరిగేసరికి ఆమె చేతులకు, మోచిప్పలకు ఎక్కడ చూసినా పసుపు, కొబ్బరినూనె. ఒకరోజు నేను వెనక పరిగెత్తుతూ చెయ్యి వదిలేశాను. ఆమెకు తెలీదు. మైదానం అవతలి కొసకు పోయి, దిగడం రాక, బడి గోడను పట్టుకుని ఆగింది. వెనక్కి తిరిగి నన్ను దూరంగా చూసి అరచెయ్యి ఎత్తింది. చాలాసేపు దించలేదు.

రోడ్డెక్కాక వేరే కష్టం. ఆడవాళ్ళు సైకిల్ తొక్కడం నంద్యాలలో వింతేమీ కాదు, నర్సులు తొక్కేవాళ్ళు. కానీ ఈ వయసులో, ఈ ఒంటితో, పనేమీ లేకుండా ఊరి బయటికి పోయి వెనక్కి రావడమేమిటని జనం నిలబడి చూసేవాళ్ళు. ఒకసారి టీ అంగడి ముందు కుర్రాళ్ళు, "ఏనుగు సైకిలెక్కింది రోయ్," అని అరిచారు. ఆమె బ్రేకు వేసి దిగింది. నేను ఆమె కొంగు పట్టుకుని లాగాను. ఆమె తాపీగా ఊపిరి కూడగట్టుకుని, "అవునప్పా, ఏనుగే. ఇంగా బ్రేకు సరిగ్గా రాలేదు. పక్కకు నిలబడండి," అంది. వాళ్ళే ముందు నవ్వారు. తరువాత ఆ అంగడి ముందు ఎవరూ ఏమీ అనలేదు. పైగా, "ఈ పొద్దు యాడిదాకా పోతివమ్మా?" అని అడిగేవాళ్ళు.

దానికి ఆమె జవాబు మైళ్ళలో ఉండేది కాదు. రోడ్డు పక్క టెలిగ్రాఫ్ స్తంభాలే ఆమె కొలత. మొదటి వారం నాలుగు స్తంభాల దూరం తొక్కగానే ఎద పట్టేసేది. దిగి, హ్యాండిల్ మీదికి వంగి, పెదాలు ముడిచి, పొయ్యి ఊదినట్టు నెమ్మదిగా గాలి వదిలేది. తల పక్కకి తిప్పి, "నాలుగు. ఈ పొద్దుటికి చాలు. రేపు అయిదోదాన్ని చూస్తాం," అనేది. వంటింటి తలుపు వెనక ఒక పలక వేలాడదీసి రోజూ అంకె రాసేది. జబ్బు చేసిన రోజు సున్నా రాసేది. సున్నా కూడా చక్కగా, గుండ్రంగా రాసేది. ఖాళీ మాత్రం వదిలేది కాదు.

తిండి విషయంలో పెద్ద యుద్ధమే జరిగింది. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అంటే ఆమెకు ప్రాణం. నూనె వాసనకు దగ్గు తిరగబెడుతోందని డాక్టరు మానెయ్యమన్నాడు. మానేసింది. కానీ ఆదివారం పొద్దున నాకోసమని తానే పొట్లం తెచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి తినమనేది.

"మిరపకాయ కారమేనా?"

"కారమే అక్కా."

"లోపల వాము పెట్టినాడా?"

"పెట్టినాడు."

"మెల్లగా తినుమ్మే. అంత బిరబిరా తింటే నాకేం తెలుస్తాది?"

అలా ఏడాది గడిచింది. పలక మీద అంకె వంద దాటింది.

ఆ రోజుల్లోనే ఆళ్ళగడ్డ బడి సంగతి వచ్చింది. అక్కడ మా మిషన్‌కే ఇంకో బడి, కూలీనాలీ చేసుకునేవాళ్ళ ఆడపిల్లలకు ఒక హాస్టలు ఉన్నాయి. అక్కడి హెడ్మిస్ట్రెస్ రిటైరవుతోంది. సీనియారిటీ ప్రకారం ఆ చోటు అక్కది. ఆమె పుట్టింది ఆళ్ళగడ్డ దగ్గరే, కూలి ఇంట్లో. చదువుకున్నది ఆ హాస్టల్లోనే. చిన్నప్పుడు ప్రతి చలికాలమూ, ఆయాసం పిల్లను చూసుకోవడం మావల్ల కాదని వార్డెనమ్మ ఇంటికి పంపించేదట. రెండేళ్ళు చదువు అట్లా పోయింది. ఈ ముక్క ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా.

మిషన్ బడులన్నిటినీ చూసే పెద్దాయన్ను మేనేజరయ్య అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. ఆమెను పిలిచి మెత్తగానే చెప్పాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"ఆడ మంచి దవాఖానా గూడా లేదమ్మా. చలికాలమొస్తే నిన్నెవరు చూస్తారు? నీ మంచికే చెప్తాండా."

"ఆళ్ళగడ్డ ఎంత దూరమయ్యా?"

"పాతిక మైళ్ళ పైమాటే."

"సైకిల్ మీద వస్తా. వస్తే ఇస్తారా?"

ఆయన నవ్వాడు. "రామ్మా, చూస్తాం," అన్నాడు. ఆమె నవ్వలేదు.

సంక్రాంతి సెలవుల్లో ప్రయత్నించాం. నేను సాయిబన్న దగ్గర బాడుగ సైకిల్ తీసుకుని తోడు వెళ్ళాను. మంచు, దాని మీద పత్తి లారీలు. ఒక్కో లారీ దాటిపోయినప్పుడల్లా దుమ్ము, దూది పోగులు ముఖాన కొట్టేవి. ఆమె ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంది. స్తంభాలు లెక్కపెడుతూ బాగానే వచ్చింది. సగం దారిలో శిరివెళ్ల. ఊరి మొదట్లోకి వచ్చేసరికి సైకిల్ అటూ ఇటూ ఊగింది. దిగలేదు, జారింది. పెదాలు నీలంగా ఉన్నాయి. పొయ్యి ఊదినట్టు ఊదబోతే గాలి బయటికి రావడం లేదు. ఒక రైతమ్మ పరిగెత్తుకొచ్చి, ఆమెను తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, వేన్నీళ్ళు తాగించి, వీపు రుద్దింది. "ఏందీ ఖర్మ నీకు? ఈ పెద్దమ్మను సైకిలెక్కించి యాడికి తీస్కపోతాండావ్?" అని నన్ను తిట్టింది. బస్సు మీదికి సైకిళ్ళు ఎక్కించి నంద్యాలకు తీసుకొచ్చాను. మూడు వారాలు మంచం మీద ఉంది. పలక మీద సున్నాలు నన్ను రాయమంది.

"ఇంగ చాలక్కా. ఈడనే బతుకుదాం," అన్నాను ఒకరోజు. ఏడుస్తూనే అన్నాను.

ఆమె కళ్ళనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు.

"నేను తప్పు చేస్తిమ్మే," అంది. "బాగుండాదని ఆగకుండా తొక్కితి. బాగున్నప్పుడే ఆగాల. బాగలేనప్పుడు ఆగేదేముంది, అదే ఆపేస్తాది."

మళ్ళీ నాలుగు స్తంభాలతో మొదలుపెట్టింది. ఈసారి యాభై స్తంభాలకు ఒకసారి దిగడం నియమం. ఒళ్ళు ఎంత హుషారుగా ఉన్నా సరే, దిగి పది నిమిషాలు కూర్చునేది. పక్కన ఉన్న నాకు చిరాకేసేది. ఎండలో దుమ్ము, చలిలో మంచు, అందుకని వానలు తగ్గి, దుమ్ము అణిగి, చలి ముదరని రోజులు చూసుకుంది. ఆళ్ళగడ్డ చర్చిలో కోత పండుగ ఆ రోజుల్లోనే. మేనేజరయ్య తప్పకుండా వస్తాడు. ఆ ఆదివారానికి ముహూర్తం పెట్టింది.

తెలతెలవారుతుండగా బయలుదేరాం. యాభై స్తంభాలు, దిగడం. యాభై స్తంభాలు, దిగడం. రోడ్డుకు రెండు వైపులా కోసిన కొర్ర చేలు, పచ్చటి జొన్న. శిరివెళ్ల అరుగు మీది రైతమ్మ మమ్మల్ని గుర్తుపట్టి, "మళ్ళా వస్తిరా తల్లీ!" అని నోరు నొక్కుకుంది. అక్క ఆమె దగ్గర కూడా పది నిమిషాలు కూర్చుని, మజ్జిగ తాగి లేచింది. ఊరు దాటాక ఒకచోట వాగు రోడ్డు మీదుగా మోకాలి లోతున పారుతోంది. గొర్రెలు తోలుకొస్తున్న ఒకాయన మా అవస్థ చూసి, "ఇయ్యమ్మా, అవతలికి మోసిపెడ్తా," అన్నాడు. అక్క వెంటనే సైకిల్ ఆయన భుజానికెత్తింది.

"నువ్వే తీసుకుపోతావనుకుంటినక్కా," అన్నాను.

"తొక్కుతానని చెప్పితి గానీ, మోస్తానని యాడ చెప్పితి?"

చర్చి ఆవరణలోకి వెళ్ళేసరికి మధ్యాహ్నం. ఆరాధన అప్పుడే అయిపోయింది. చెట్ల కింద కొర్రల మూటలు, వేరుశనగ బుడ్డల గంపలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆమె గేటు దగ్గర దిగలేదు, మెట్ల దాకా తొక్కింది. దిగి, హ్యాండిల్ మీదికి వంగింది. మేనేజరయ్య గబగబా వచ్చాడు.

"ఏందమ్మా ఇది? నంద్యాల నుంచే?"

ఆమె అరచెయ్యి ఎత్తింది. అంత పెద్దమనిషీ ఆగిపోయాడు. జనమంతా గుమిగూడారు. కోళ్ళ అరుపులు తప్ప చప్పుడు లేదు. అయిదు నిమిషాలు పట్టిందేమో. చెయ్యి దించి, ఎవరో ఇచ్చిన నీళ్ళు తాగి, "వచ్చినానయ్యా," అంది.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు నిజంగా వస్తావనుకోలేదమ్మా. పది దినాలాయ, ఆ చోటు ఇంగొకామెకు రాసిచ్చేస్తిమి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయాను. అక్క నా చెయ్యి నొక్కింది.

"మంచిదయ్యా," అంది. "హాస్టల్లో వార్డెన్ పని ఎవరికిచ్చినారు?"

"ఎవరు ఒప్పుకుంటారమ్మా? రాత్రింబగళ్ళు ఆడనే ఉండాల. జీతంలో గూడా ఏమీ కలవదు."

"నాకియ్యండి."

ఆయన ఆమెను చూశాడు, సైకిల్‌ను చూశాడు. "చలికాలం?" అన్నాడు.

"చలికాలం గూడా."

ఆయన తల వంచి, "తీసుకోమ్మా," అన్నాడు. అక్క చుట్టూ చూసి, "అయితే అన్నం పెట్టండప్పా ఎవరన్నా," అంది. జనం నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. హెడ్మిస్ట్రెస్ కావాల్సిన మనిషి వార్డెన్ పనికి చెయ్యి చాచిందే అని నా బాధ. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ మాటే అన్నాను. అప్పటికే ఆమె కిటికీకి తల ఆనించి గుర్రు పెడుతోంది.

తరువాత ఆమె ఆళ్ళగడ్డలోనే ఉండిపోయింది. ఆయాసం పోలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పడగొట్టేది, లేచేది. ఆ హాస్టల్ నుంచి జబ్బు పేరు చెప్పి ఏ పిల్లనూ ఇంటికి పంపలేదు. సాయంత్రాలు పిల్లలందరికీ సైకిల్ నేర్పేది. ఎద బలహీనంగా ఉన్న పిల్లలను మొదట ఎక్కించేది. ఎనభైలలో ఆ చుట్టుపక్కల పల్లెలకు మందుల సంచితో సైకిల్ మీద తిరిగిన నర్సమ్మల్లో ముగ్గురు ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే. రిటైరైన కొన్నేళ్ళకు, ఆయాసంతో సంబంధం లేని వేరే ఏదో జ్వరంతో, వారం రోజుల్లో పోయింది. నాకు కార్డు ఆలస్యంగా అందింది. మట్టికి వెళ్ళలేకపోయాను.

ఆమెతో చివరిసారి ఒక రోజంతా గడిపింది ఎనభై ఆరులో. నాకు పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టి, సైకిల్ ముట్టుకుని ఆరేళ్ళయింది. ఒళ్ళు వచ్చింది. మా చిన్నవాడికి జబ్బు నయమైతే అహోబిలం వస్తానని మొక్కుకున్నాను. ఆళ్ళగడ్డలో దిగి ఆమె దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పాను.

"జీపులో పోతావా? థూ. తొక్కుదాం పా. మీ సామి దగ్గరికి లోపలికి నువ్వు పో. ఎక్కుడు మటుకు నాది," అంది.

హాస్టల్లో ఇంకో సైకిల్ ఇప్పించింది. దిగువ అహోబిలం దాకా ఎలాగో వచ్చాను. అక్కడి నుంచి అడవిలో ఎగువకు ఎక్కుడు. రెండో మలుపుకే నా డొక్కలో పొడిచినట్టు నొప్పి. దిగిపోయి, రాతి మీద కూర్చుని, రొప్పుతూ ఆమెను చూశాను. యాభై దగ్గరపడిన మనిషి, వంగి, పెదాలు ముడిచి, ఒక్కో తొక్కుడూ తొక్కుతూ పైకి పోతోంది. మలుపులో తిరిగి చూసింది. దిగింది. సైకిల్ నడిపించుకుంటూ కిందికి నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు పోక్కా. నేను ఏదన్నా జీపొస్తే ఎక్కుతా."

"జీపెందుకు? కాళ్ళున్నాయి గదా," అని నా పక్కన నడిచింది. పైదాకా ఇద్దరం సైకిళ్ళు నెట్టుకుంటూనే వెళ్ళాం. ఆరేళ్ళు ఎందుకు తొక్కలేదని ఒక్క మాట అడగలేదు.

నేను దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆమె గుడి పక్కన పారే భవనాశి ఏట్లో కాళ్ళు పెట్టుకుని రాళ్ళ మీద కూర్చుని ఉంది. పూజారి ఇచ్చిన పులిహోర చెరి సగం తిన్నాం. నీళ్ళు చల్లగా తగులుతుంటే, ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను.

"అక్కా, ఆ పొద్దు కోత పండగలో, ఆ చోటు ఇంగొకరికి ఇచ్చేసినామని అయ్య చెప్పినప్పుడు నీకు ఎట్లుండె?"

"ఎట్లేముంది? నాకు ముందే తెల్సు."

నేను తినడం ఆపాను.

"ఆఫీసు గుమాస్తా బుధవారమే చెప్పినాడు. నీకు చెప్తే నువ్వు రావని చెప్పలే."

"అంటే హాస్టలన్నా అడుగుదామనా వచ్చింది?"

"అది ఆడికి పోయినాంక తోచింది."

"మరెందుకు తొక్కినావక్కా అంత దూరం?"

ఆమె వేలికంటిన పులిహోర మెతుకు నాకింది.

"శిరివెళ్ల అవతల ఎట్లుంటాదో చూద్దామని."

"నువ్వు పుట్టిందే అవతల గదా! బస్సులో ఎన్నిసార్లు పోలేదు?"

"పోయింది బస్సుమ్మే. నేను కూర్చోనుంటి, అంతే."

లేచి, తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంది. నా సైకిల్ వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కి గాలి చూసింది. "లెయ్. దిగుడే గదా అని వదిలేయొద్దు, బ్రేకు మీద చెయ్యుండాల," అని చెప్పి, తను ముందు ఎక్కింది.